సముద్రంలో ఈత: తోడు ఉంటే చాలదు, ఒప్పందం ఉండాలి

"ఈతకు మించిన లోతు లేదు" అంటారు మన పెద్దలు. ఈత వచ్చినవాడికి నిలువు లోతయినా, తాటిచెట్టు లోతయినా ఒకటేనని ఆ మాటని మనం చెప్పుకుంటూ ఉంటాం. చెరువులోనూ, కాలవలోనూ, ఈత కొలనులోనూ ఇది చాలావరకు నిజమే. సముద్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ మాటని కొంచెం సవరించుకోవాలి. అక్కడ మనిషిని ముంచేది లోతు కాదు. భయం, నీటి లాగుడు, గుండె - ఈ మూడూ ముంచుతాయి. ఈ మూడింటి గురించీ, వీటికి విరుగుడుగా ఉండవలసిన తోడు గురించీ ఈ వారం చెప్పుకుందాం.

సముద్రంలో ఈత మనకెందుకు అంటారా? ట్రయాత్లాన్ అనే పోటీ పేరు ఇప్పుడు మన పట్టణాలలో కూడా వినబడుతోంది. ఈత, సైకిలు, పరుగు - ఈ మూడింటినీ మధ్యలో విశ్రాంతి లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తిచేయడమే ట్రయాత్లాన్. 1974లో అమెరికాలోని శాన్ డియాగోలో ఈ పేరుతో మొదటి పోటీ జరిగింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో దీనికి చోటు దక్కింది. ఒలింపిక్స్‌లో 1.5 కిలోమీటర్లు ఈత, 40 కిలోమీటర్లు సైకిలు, 10 కిలోమీటర్లు పరుగు. 2019లో గోవాలోని మీరామార్ తీరంలో జరిగిన పోటీ ఇంతకన్నా పెద్దది. 1.9 కిలోమీటర్లు సముద్రంలో ఈది, 90 కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఆ పైన 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి.

ఇలాంటి పోటీలకి పాతికేళ్ళ కుర్రాళ్ళే వెళతారనుకోకండి. నలభై దాటినవాళ్ళు, పిల్లల్ని కాలేజీలో చేర్పించి కాస్త తీరిక చిక్కినవాళ్ళు చాలామంది ఉంటారు. నేనూ అలాంటివాణ్ణే. నలభై ఆరో ఏట ఈ సరదాలోకి దిగాను. నన్ను దింపినవారు మా అపార్టుమెంటులోనే కింది వాటాలో ఉండే మిత్రులు. నాకంటే అయిదేళ్ళు పెద్ద, బ్యాంకులో ఉద్యోగం. కోనసీమ మనిషి కావడం వల్ల మొదటి రోజు నుంచీ నన్ను "బావగారూ" అని పిలిచారు. నేనూ అలాగే పిలుస్తాను. ఏడేళ్ళప్పుడే కాలవలో ఈత నేర్చిన మనిషి ఆయన. నేను నగరపాలక సంస్థ ఈత కొలనులో, డబ్బు కట్టి, పెద్దయ్యాక నేర్చుకున్నవాణ్ణి. మా ఇద్దరిలో గట్టి ఈతగాడు ఆయనే అని చెప్పడానికి ఈ సంగతి రాస్తున్నాను. దీని అవసరం ముందు ముందు మీకే తెలుస్తుంది.

కొలను వేరు, కడలి వేరు

కొలనులో అడుగున నల్లగీత కనబడుతుంది. దాని వెంట పోతే చాలు. పాతిక మీటర్లకొక గోడ వస్తుంది, పట్టుకుని ఆగవచ్చు. అలిసిపోతే చాలాచోట్ల కాళ్ళు కింద ఆనించి నిలబడవచ్చు. సముద్రంలో గీతా లేదు, గోడా లేదు, నేలా లేదు. నీళ్ళలో తల పెడితే మన చేయి మనకే సరిగా కనబడదు.

అందుకని కొలనులో ఒకేసారి రెండు కిలోమీటర్లు ఆగకుండా ఈదగలిగిన తరవాతే మేము సముద్రం మాట తలపెట్టాం. మీకూ అదే చెబుతాను. అప్పుడు కూడా మొదటి రోజే లోపలికి పోకూడదు. నడుము లోతులో నిలబడి, ముఖం నీళ్ళలో పెట్టి, గాలి బుడగలు బుడగలుగా వదలడం పదిసార్లు చేయండి. ఒంటికి నీటి చల్లదనం అలవాటు పడుతుంది. ఆ తరవాత ఒడ్డుకి దూరంగా కాక, ఒడ్డు వెంబడి, నిలబడగలిగినంత లోతులో ఈదండి. ప్రతి ఆరేడు బారలకొకసారి కళ్ళు మాత్రం నీటిపైకి వచ్చేట్టు తల ఎత్తి, గట్టు మీద ఒక గుర్తు చూసుకోవాలి. కొబ్బరిచెట్టు గుర్తు పనికిరాదు, అన్ని చెట్లూ ఒకలాగే ఉంటాయి. ఎత్తయిన మేడ, కొండ, దీపస్తంభం లాంటిది మేలు. ఊపిరి కుడివైపూ ఎడమవైపూ కూడా తీసుకోవడం నేర్చుకోండి. ఒక్క వైపే అలవాటయితే, కెరటం ఆ వైపు నుంచే వచ్చిన రోజున నోటినిండా ఉప్పునీరే.

నడుముకి తాడుతో కట్టుకునే నారింజరంగు గాలి సంచులు ఆటవస్తువుల దుకాణాలలో దొరుకుతాయి. మనం ఈదుతుంటే అది వెనకాలే తేలుతూ వస్తుంది. పడవవాళ్ళకి మనం కనబడతాం. అలిసినప్పుడు పట్టుకుని ఆగవచ్చు. మెరిసే రంగు టోపీ, మెడలో ఒక ఈల కూడా ఉండాలి. ఈ మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు ఒక మంచి చెప్పుల జత కంటే మించదు.

వేళ కూడా ముఖ్యమే. మన తూర్పు తీరంలో తుఫాను రోజులు, నైరుతి గాలి వీచే రోజులు ఈతకి పనికిరావు. మేము జనవరి నెలలో, తెల్లవారి గాలి లేవక ముందు రుషికొండ దగ్గర మొదలుపెట్టాం. దిగేముందు ప్రతిసారీ అక్కడి జాలరుల్ని అడిగేవాళ్ళం. "ఇవాళ వద్దు బాబూ, కెరటం బాగులేదు" అంటే తిరిగి ఇంటికే. పుట్టినప్పటి నుంచీ ఆ నీటిని చూస్తున్నవారి మాట కంటే మించిన వాతావరణ సూచన లేదు.

లాగుడు

ఒడ్డుకి విరుచుకుపడిన కెరటాల నీరంతా ఎక్కడో ఒకచోట తిరిగి సముద్రంలోకి పోవాలి. అది సన్నని దారి చేసుకుని, ఏరులా లోపలికి పరుగెత్తుతుంది. విశాఖ తీరంలో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వారిలో చాలామందిని లాక్కుపోయింది ఇదే. చిత్రమేమిటంటే, చూడటానికి ఆ చోటే ప్రశాంతంగా ఉంటుంది. రెండు వైపులా కెరటాలు విరుగుతూ, మధ్యలో మాత్రం నీరు నునుపుగా కనబడితే అక్కడ దిగకండి.

పొరపాటున అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు. దాని వేగం ముందు ఒలింపిక్ ఈతగాడు కూడా నిలవలేని రోజులుంటాయి. అది మిమ్మల్ని లోపలికి తీసుకుపోతుంది గానీ కిందికి లాగదు. వెల్లకిలా తేలండి. ఉప్పునీరు మంచినీటి కంటే బరువు గనక మనిషిని బాగానే తేలుస్తుంది. ఊపిరి కుదుటపడ్డాక ఒడ్డుకి సమాంతరంగా, అంటే పక్కకి ఈదుకుంటూ ఆ ఏరు దాటి, కెరటాలు విరిగే చోటు నుంచి ఒడ్డుకి రండి. శక్తి లేకపోతే తేలుతూనే చేయి ఊపండి, ఈల ఊదండి.

గుండె మాట

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ట్రయాత్లాన్‌లో ప్రాణాపాయం ఎక్కడ అని అడిగితే, ఎండలో పరుగు దగ్గర అనో, సైకిలు మీంచి పడటం అనో చెబుతారు. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు జరిగిన పోటీలలో చనిపోయినవారినీ, గుండె ఆగి తిరిగి బతికినవారినీ కలిపి వైద్యులు లెక్కతీసి 2017లో ప్రకటించారు. మొత్తం 135 మంది. అందులో 90 మందికి ఆపద వచ్చింది ఈతలోనే. వారి సగటు వయసు దాదాపు 47 ఏళ్ళు. నూటికి 85 మంది మగవాళ్ళు. శవపరీక్ష వివరాలు దొరికిన 61 మందిలో 27 మందికి గుండెలో గానీ రక్తనాళాలలో గానీ చెప్పుకోదగ్గ లోపం ఉన్నట్టు తేలింది.

ఇందుకు కారణం లేకపోలేదు. నీళ్ళలో బోర్లా పడుకున్నప్పుడు కాళ్ళలోని రక్తం ఛాతీవైపు చేరి గుండె మీద బరువు పెరుగుతుంది. ముఖానికి చల్లని నీరు తగిలి, ఊపిరి బిగబట్టినప్పుడు గుండె నెమ్మదించాలని చూస్తుంది. అదే సమయంలో భయం, హడావుడి, చల్లదనం గుండెని వేగంగా కొట్టుకోమంటాయి. ఒకే బండికి బ్రేకూ ఆక్సిలరేటరూ కలిపి తొక్కినట్టన్నమాట. ఆరోగ్యంగా ఉన్న గుండె దీన్ని తట్టుకుంటుంది. లోపలెక్కడో ఇరుకైన రక్తనాళం ఉన్న గుండె తట్టుకోలేకపోవచ్చు. రక్తపోటు ఉన్న కొందరికి ఈదుతుండగా ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కూడా జరుగుతుంది. ఆయాసం, దగ్గు, గులాబీరంగు నురగ పడటం దాని లక్షణాలు. వెంటనే నీళ్ళలోంచి బయటపడి ఆసుపత్రికి పోవాలి.

మేము రాసుకున్న ఒప్పందం

1958లో ఇంగ్లీషు ఛానెల్ ఈదిన మిహిర్ సేన్, 1959లో ఈదిన ఆరతీ సాహా కూడా పక్కన పడవ లేకుండా ఈదలేదు. అంతటివారికే తోడు కావలసివస్తే మనమెంత? అయితే ఇద్దరు కలిసి దిగినంత మాత్రాన తోడు అయిపోదు. ఎవరి ధోరణిలో వాళ్ళు ఈదుకుంటూ పోతే, ఇద్దరు ఒంటరివాళ్ళు ఒకే సముద్రంలో ఉన్నట్టే.

అంచేత మేము మొదటి రోజునే కాగితం మీద నాలుగు షరతులు రాసుకున్నాం. ఒకటి, యాభై బారలకొకసారి ఇద్దరూ ఆగి ఒకరినొకరు చూసుకోవాలి. రెండు, ఒకరికొకరు పదిగజాలకు మించి దూరం పోకూడదు. మూడు, ఇద్దరిలో ఎవరు "వెనక్కి" అన్నా, ఎందుకని అడక్కుండా రెండోవారు వెనక్కి తిరగాలి. వాదన ఒడ్డుకొచ్చాక. నాలుగు, ఒంట్లో ఏ తేడా ఉన్నా దిగేముందే చెప్పాలి. ఇవిగాక, ఒక జాలరిని మాట్లాడుకుని ఆయన తెప్పని మా వెంట ఉంచుకున్నాం.

అయిదో ఆదివారం ఈ కాగితం అక్కరకొచ్చింది. ఒడ్డు నుంచి వంద గజాలు వెళ్ళాం. సముద్రం అద్దంలా ఉంది. యాభై బారలయ్యాయని నేను తల ఎత్తేసరికి బావగారు నిలువుగా ఉన్నారు. నోరు నీటిమట్టానికి సమంగా ఉంది. చేతులు ఊపడం లేదు, కేక లేదు. మునిగేవాడు సినిమాల్లోలాగా అరవడు అని ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి. ఊపిరే అందనివాడికి కేక ఎక్కడిది?

నేను ఆయన్ని పట్టుకోలేదు. భయంలో ఉన్న మనిషి దగ్గరికొచ్చినవాడి భుజాలెక్కి ఇద్దర్నీ ముంచుతాడు. చేతికందని దూరంలోనే ఆగి, నా గాలి సంచిని ఆయన ముందుకి తోసి, "బావగారూ, పట్టుకుని వెల్లకిలా తిరగండి, ఆకాశం చూడండి" అన్నాను. తిరిగారు. ఈల ఊదాను. తెప్ప వచ్చింది. ఒడ్డుకి చేరాక పది నిమిషాలకి మామూలు మనిషయ్యారు. "ఏం లేదు బావగారూ, రెండు గుక్కలు ఉప్పునీరు మింగాను, అంతే" అని నవ్వేశారు.

కాలవలో పుట్టి పెరిగిన మనిషి, అలల్లేని రోజున, మొదటి వంద గజాలలోనే ఉప్పునీరు మింగి ఆగిపోవడం నాకు నమ్మబుద్ధి కాలేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. కాఫీ ఇస్తూ అక్కయ్యగారు మాటల్లో అన్నారు, "ఈ మధ్య మెట్లెక్కుతూ రెండో అంతస్తు దగ్గర ఆగుతున్నారు తమ్ముడూ. అడిగితే మోకాళ్ళంటారు."

నేను డాక్టర్ని గనక ఆ మాట వినీ ఊరుకోలేను. "గుండె పరీక్ష చేయించుకుంటేగానీ మీతో నీళ్ళలోకి దిగను" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. "గోవా పోటీకి డబ్బు కట్టేశాం. సైకిలు కొన్నాను. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు రోగిష్టివాణ్ణని పేరు తెచ్చుకోమంటారా?" అన్నారు. మన ఒప్పందంలో మూడో షరతు ఇదేనన్నాను. ఎవరు "వెనక్కి" అన్నా వెనక్కే. పది రోజులు నాతో మాట్లాడలేదు. లిఫ్టులో ఎదురుపడితే గోడ చూసేవారు. పదకొండో రోజు పొద్దున్న అక్కయ్యగారే ఆయన్ని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చారు.

పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. మామూలుగానే ఉంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, "అంతా బాగుంది" అని ఇంటికి పోతారు. శ్రమ చేస్తున్నప్పుడు గుండె ఎలా ఉందో తెలియాలంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూడాలి. నాలుగో నిమిషంలో గీతలు మారాయి. యాంజియోగ్రాంలో గుండెకి రక్తం తెచ్చే నాళాలలో ఒకటి బాగా ఇరుకై ఉన్నట్టు కనబడింది. స్టెంటు వేశారు. ఆ ఏడు ఆయనకి గోవా లేదు. కట్టిన డబ్బు పోయింది. ఆయన ఇప్పుడు గుండె వైద్యుని అనుమతితో కొలనులో మెల్లగా ఈదుతున్నారు. నేను సముద్రంలో దిగిన రోజున ఈలతో, ఫోనుతో గట్టు మీద నిలబడుతున్నారు. గట్టు మీది మనిషి కూడా తోడే.

మీరు దిగేముందు

నలభై దాటినవారు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, పొగతాగేవారు, ఇంట్లో చిన్నవయసులో గుండెజబ్బు వచ్చినవారు ఎవరైనా ఉన్నవారు ఈ ఈత మొదలుపెట్టక ముందే వైద్యునికి చూపించుకోవాలి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో ఛాతీ, దవడ, ఎడమచేయి పట్టేసినట్టున్నా, మునుపు లేని ఆయాసం ఉన్నా, దాన్ని "గ్యాసు" అని సరిపెట్టుకోకండి. మధుమేహానికి ఇన్సులిన్ వాడేవారికి ఈదుతుండగా చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. మందు మోతాదు, తినే వేళ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి. మూర్ఛ ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా నీళ్ళలో దిగకూడదు. జ్వరం, జలుబు, నిద్రలేమి ఉన్న రోజున మానేయండి. మద్యం తీసుకున్న మనిషి సముద్రం ఛాయలకే పోకూడదు.

నీళ్ళలో మునిగినవారిని బయటికి తీసినప్పుడు కూడా మనవాళ్ళు కొన్ని తప్పుడు పనులు చేస్తారు. తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం వల్ల మేలు లేదు. విలువైన నిమిషాలు పోతాయి, కక్కిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకరు 108కి ఫోను చేయాలి. ఊపిరి లేకపోతే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు రెండు నుంచి అయిదుసార్లు ఊపిరి ఊదాలి. ఆ తరవాత ఛాతీ మధ్యన రెండు చేతులూ ఒకదానిపై ఒకటి వేసి, రెండంగుళాల లోతుకి దిగేట్టు, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున 30 సార్లు నొక్కాలి. మళ్ళీ రెండుసార్లు ఊదాలి. అంబులెన్సు వచ్చేవరకు, లేదా మనిషి కదిలేవరకు ఇలా చేస్తూనే ఉండాలి. ఈత నేర్చుకునేవారి ఇంట్లో ఒక్కరైనా ఈ పద్ధతి శిక్షణ పొంది ఉండటం మంచిది.

ఒడ్డున ఉన్నవారికి ఒక మాట. నీళ్ళలో ఎవరైనా కొట్టుకుంటుంటే వెంటనే దూకకండి. తాడు, పంచె, గాలి నింపిన ట్యూబు, మూత బిగించిన ఖాళీ డబ్బా - ఏది దొరికితే అది విసరండి. ఒకరి కోసం ఒకరు దూకి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం.

ఇదంతా చదివి సముద్రమంటే భయపడమని నా ఉద్దేశం కాదు. ఈత లాంటి వ్యాయామం అరుదు. కీళ్ళమీద భారం పడదు, గుండెకీ ఊపిరితిత్తులకీ బలం వస్తుంది, మనసుకి హాయి. తప్పకుండా నేర్చుకోండి, మీ పిల్లలకీ నేర్పించండి. కానీ ఒంటరిగా దిగకండి. తోడు వచ్చేవారితో ఒడ్డునే మాట్లాడుకుని షరతులు పెట్టుకోండి. ఆయన "వెనక్కి" అంటే మీ పరువు పోయిందనుకోకండి. మీరు "వెనక్కి" అనవలసి వస్తే ఆయన నొచ్చుకుంటారని మొహమాటపడకండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆయాసం వచ్చినా, నొప్పి వచ్చినా మోకాళ్ళ మీద నెట్టేయకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. తోడుకి కూడా చెప్పలేని సంగతి మీ ఒంట్లో ఉంటే, ఆ రోజుకి ఒడ్డున కూర్చుని సముద్రాన్ని చూడండి. ముందు వైద్యుణ్ణి చూడండి, ఈత సంగతి ఆ తరవాత ఆలోచిద్దాం.